పద్నాలుగో వరుస

బిష్కెక్,
సెప్టెంబరు 4, 2004

తొలోగోన్ అన్నయ్యా,

బస్సు నడిపే కల్మత్ రేపు మన ఉజున్-జార్‌కి తిరిగి వెళ్తున్నాడని తెలిసి హడావిడిగా రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను. నేనుండే గది ఇంటావిడ మాత్రం టీలో పాలు పోయమంటే డబ్బా మూత వాసన చూపించి వదిలేస్తుంది. వదిన నూనెలో వేయించే బోర్సోక్‌లు కళ్లలో మెదులుతున్నాయి.

ఏటి మీద వంతెనకి ఇనుప దూలాలు మంజూరయ్యాయని, పని పెత్తనం నీకు అప్పగించారని విన్నాను. ఆనందం పట్టలేక ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. నేను చేరిన శిక్షణ గురించి చెప్పానుగా. ఆరు నెలల చదువు. పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టడం, ఏది ముందు ఏది వెనక అని చూసుకోవడం, ఒక్కో పనికి ఒక్కో మనిషిని పేరు పెట్టి నిలబెట్టడం, అదంతా నేర్పుతారు. ఇంతకాలం మనం నోటితో, నమ్మకంతో చేసుకొచ్చిందంతా ఒక కాగితం మీద కనిపిస్తుంటే ఒళ్లు జలదరించిందంటే నమ్ము.

నీ వంతెన కోసం రెండు కాగితాలు తయారుచేసి పంపుతున్నాను. మొదటిదాంట్లో ఇరవయ్యేడు వరుసలున్నాయి. పని, తేదీ నేను రాశాను. పేర్ల గడులు ఖాళీగా ఉంచాను, అవి నువ్వు నింపాలి. రెండో కాగితం "ఏం తప్పు జరగొచ్చు" అనేది. పదకొండు రాశాను: వాన, సిమెంటు లారీ రాకపోవడం, ఇసుక తడవడం, అలాంటివి. ఊరంతా కూర్చుని ఇంకేమైనా ఉంటే కలపండి. కీడెంచి మేలెంచమన్నారు కదా.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. దూలాలు మోసే ఒడ్డు దిమ్మెలకి కాంక్రీటు పోశాక ఏడు రోజులు చలి తగలకూడదు. మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవకు.

వదినకి ముద్దులు. నీ నేస్తం ఇషెన్‌కి సలాం చెప్పు, ఎప్పుడైనా గుర్రం మీద నుంచి దిగితే.

నీ సల్కిన్


ఉజున్-జార్,
సెప్టెంబరు 20

పట్నం పంతులమ్మ గారికి,

నీ కాగితాలు అందాయి. దండం పెట్టాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. ఇరవయ్యేడు వరుసలా! మన తాత గడ్డి కోత కోసి, పెళ్లి చేసి, ఇల్లు కట్టి, పొద్దున్నే గుర్రం ఎక్కేవాడు. కాగితం అంటే ఆయనకి పొగాకు చుట్టుకునేది.

ఇక్కడ అషార్ ఎలా జరుగుతుందో నువ్వు మరిచిపోయినట్టున్నావు. ఇంటికో మనిషి వస్తాడు. ఎవడికి ఏది చేతనైతే అది చేస్తాడు. సాయంత్రానికి గొర్రెని కోస్తారు. అక్కడ "ఒరేయ్, నీ పేరు ఆరో వరుసలో ఉంది, చేశావా?" అని నేను అడిగితే ఎదుటివాడు గంప అక్కడే పడేసి ఇంటికిపోతాడు. పెద్దవాళ్లనైతే అడిగే నోరే నాకు లేదు. పేరు రాస్తే పనోడి లెక్క, పేరు లేకపోతే ఊరి మనిషి లెక్క. అదీ మన మర్యాద.

అయినా నీ మీద ప్రేమకొద్దీ పెద్దల ముందు రెండో కాగితం చదివాను. మూడో వరుస దాటనివ్వలేదు. ఒమురాలి తాత కర్రతో నేల మీద కొట్టి, "ఆపరా! ఇల్లు కట్టేటప్పుడు ఇల్లు కూలుద్దని ఎవడన్నా పాట పాడతాడా? నోటితో పిలిస్తే చావైనా సరే తలుపు తట్టుద్ది. చెల్లెలికి చెప్పు, చదువుకున్న నోరని ఏది పడితే అది పలక్కూడదని" అన్నాడు. అందరూ గడ్డాలు నిమురుకుని దేవుడిని తలుచుకున్నారు. నేను కాగితం మడిచి టోపీలో పెట్టుకున్నాను.

ఇషెన్ అడగమన్నాడు: గుర్రం మీద నుంచి దిగడం ఏ వరుసలో ఉందట?

నీ వదిన ఎండిన ఆప్రికాట్లు పంపుతోంది. కల్మత్ సగం తినేస్తాడు, మిగతావి నీవి.

తొలోగోన్


బిష్కెక్,
అక్టోబరు 2

అన్నయ్యా,

ఆప్రికాట్లు పదిహేడు వచ్చాయి. కల్మత్ నిజాయితీపరుడే.

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత కోపం వచ్చింది, ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను. మర్యాద నాకూ తెలుసు, నేనూ ఆ ఊరి పిల్లనే. కానీ ఒకటి చెప్పు. మన చిన్నప్పుడు బడి పైకప్పు అషార్‌లోనే వేశారు. ఆ ఏడే కారింది. ఎవరు వేశారంటే "అందరం" అన్నారు. ఎవరు బాగుచేయాలంటే కూడా "అందరం" అన్నారు. మూడేళ్లు గొడుగు కింద లెక్కలు నేర్చుకున్నాం. పదిమందిలో పాము చావదన్నయ్యా.

ఇరవయ్యేడు వద్దులే. రెండే నింపు. పద్నాలుగో వరుస: ఏడు రోజులూ దిమ్మెల మీద కప్పు తొలగకుండా చూసే మనిషి. పదిహేనో వరుస: దిమ్మె గట్టిపడిందో లేదో సుత్తితో కొట్టి చూసే మనిషి. పోసినవాడే చూడకూడదు, వేరొకరు చూడాలి. మా శిక్షణలో ఇది మొదటి పాఠం. కాంక్రీటు ఇషెన్ కలుపుతాడు కదా, కాబట్టి ఇషెన్ కాకుండా ఇంకెవరైనా.

ఇది ఎవరినీ శంకించడం కాదు. దయచేసి అలా అనుకోకు.

సల్కిన్


ఉజున్-జార్,
అక్టోబరు 23

సల్కిన్,

"దయచేసి అలా అనుకోకు" అని నువ్వు రాశావంటేనే అలా అనుకోవాల్సిన మాటేదో రాశావన్నమాట. ఇషెన్ చెయ్యి పెట్టిన పనిని ఇంకొకడు సుత్తితో కొట్టి చూడాలా? ఆ ఇషెన్ ఎవరనుకున్నావు? నీకు ఎనిమిదేళ్లప్పుడు ఏట్లో కొట్టుకుపోతుంటే జుట్టు పట్టి లాగినవాడు. ఆ మాట వాడికి చెప్పలేదు. చెప్పను కూడా.

సరే, కోపం పక్కన పెడుతున్నా. మంచి కబురు విను. నిన్న దిమ్మెలు రెండూ పోశాం! నలభై ఇళ్ల నుంచి నలభై ఇద్దరొచ్చారు. పొద్దున తెల్లారకముందే మొదలుపెట్టి, పొద్దు వాలేలోపు ముగించాం. ఇషెన్ గొంతు పోయేదాకా అరుస్తూ కలిపాడు. ఒమురాలి తాత ఎనభై రెండేళ్ల వయసులో తానే ఒక బొచ్చె కాంక్రీటు మోసుకొచ్చి పోశాడు. "నా మనవలు తడవకుండా బడికి పోవాలి" అంటూ ఏడ్చాడు. అందరం ఏడ్చాం. రెండు గొర్రెలు కోశాం.

నీ చలి సంగతి మరవలేదు. ఇంటికొక ఉన్నిచాప తెమ్మన్నాను. నలభై చాపలు కప్పాం, దిమ్మెలు రెండు ముసలమ్మల్లా ముసుగేసుకుని కూర్చున్నాయి. చూసే మనిషి ఎవరంటావా? ఊరంతా చూస్తుంది. దారిన పోయే ప్రతివాడూ చూస్తాడు. నీ ఒక్క పేరు కంటే నా ఎనభై కళ్లు నయం.

నీ మొదటి కాగితం వృథా పోలేదు. వంటింటి కిటికీ అద్దం పగిలితే నీ వదిన దాన్ని మైదా జిగురుతో అంటించింది. రాత లోపలి వైపే పెట్టింది, చదువుకున్న ఆడపడుచు రాత కదా, వీధికి చూపిస్తామా అని.

తొలోగోన్


బిష్కెక్,
నవంబరు 7

అన్నయ్యా,

దిమ్మెలు పోశారన్న ఉత్తరం వచ్చిన వారానికే కల్మత్ నోటి వెంట ఒమురాలి తాత పోయాడని విన్నాను. పోసిన రెండు రోజులకే కదా? నమ్మలేకపోయాను. బొచ్చె మోశాడని నువ్వు రాసిన వాక్యం మళ్లీ మళ్లీ చదువుకున్నాను. చిన్నప్పుడు నాకు జేబులోంచి ఎండు పెరుగు ఉండలు తీసి ఇచ్చేవాడు, వాటికి పొగాకు అంటి ఉండేది. ఆయన కొడుకుల్ని నా తరఫున చెయ్యి పట్టుకుని పరామర్శించు.

ఇషెన్ గురించి నేను రాసింది తప్పుగా వినిపించింది. నా తప్పే. ఏట్లోంచి లాగింది నేను మరిచిపోతానా?

అయినా అడగక తప్పదు, నీకు కోపమొచ్చినా సరే. ఆ ఏడు రోజులూ చాపలు ఉన్నాయా? సుత్తితో కొడితే ఖంగుమంటోందా? ఒక్క ముక్క రాయి చాలు.

డిసెంబరులో నా ఆఖరి పరీక్ష. నిజంగా జరిగిన ఒక పనిని తీసుకుని మొదట్నుంచి చివరిదాకా రాసి చూపించాలి. నేను మన వంతెననే ఎంచుకున్నాను.

సల్కిన్


ఉజున్-జార్,
నవంబరు 22

సల్కిన్ తల్లీ,

తాత సాగనంపు ఘనంగా జరిగింది. మూడు రోజులు. పక్క లోయల నుంచి కూడా గుర్రాల మీద ఏడుస్తూ వచ్చారు. కొడుకులు నడుముకి గుడ్డ కట్టుకుని, కర్రల మీద వాలి డేరా బయట నిలబడ్డారు. ఆ డేరా చూసి ఉండాల్సింది నువ్వు. వాళ్ల పాత డేరాని చెదలు, పురుగు తినేశాయి. ఊరంతా కలిసి కొత్తది కప్పి నిలబెట్టింది, ఒక్క ఇంట్లో ఉన్నిచాప మిగల్లేదు. లోపల ఆడవాళ్లకి ఆ చలిలో చెమట పట్టిందట. ఆ వారం చలి అంతా ఇంతా కాదు, బకెట్లో నీళ్లు గొడ్డలితో కొట్టుకున్నాం.

దిమ్మెలు బాగున్నాయి. ఖంగుమంటున్నాయి. దూలాలు కూడా పదో తారీకున ఎక్కించాం. పైన చెక్కలు పరిచాం. మొట్టమొదట దాటింది ఇషెన్, పాల క్యాన్లతో, గుర్రం మీద. దిగలేదు.

నీ పరీక్ష బాగా రాయి. మన ఊరి పేరు తప్పుల్లేకుండా రాయి.

తొలోగోన్


బిష్కెక్,
డిసెంబరు 24

అన్నయ్యా, వదినా,

మొదటి స్థానం! ముప్పై ఒక్క మందిలో! పరీక్షకులు నా పేరు చదివి, "ఉజున్-జార్ వంతెన" అని గట్టిగా చెప్పారు. ఆ హాల్లో అందరూ మన ఊరి పేరు విన్నారు. "ఊరి ఆచారాన్ని, పద్ధతిని ఒకదానితో ఒకటి ముడేసిన మంచి ఉదాహరణ" అన్నారు. పద్నాలుగో వరుస గురించి అడిగితే, పేరు బదులు ఊరే బాధ్యత తీసుకుందని చెప్పాను. మెచ్చుకున్నారు.

ధ్రువపత్రానికి అద్దం కట్టించాను. జనవరి నుంచి జీతం పెరుగుతుంది. వదినకి కిటికీ అద్దం పంపిస్తాను, కొలత రాయండి.

మీ సల్కిన్


ఉజున్-జార్,
మే 6, 2005

సల్కిన్,

ఇంతకాలం రాయలేదు. కొలత కూడా పంపలేదు. ఈ ఉత్తరం నాలుగోసారి మొదలుపెడుతున్నాను.

ఏప్రిల్ 28న వంతెన పోయింది. మంచు కరిగి ఏరు పొంగింది. అవతలి దిమ్మె కింద నీళ్లు తొలిచేసరికి అది అటుకుల్లా రాలిపోయింది. దూలం జారింది. అప్పుడు పైన ఇషెన్ ఉన్నాడు. గుర్రం చచ్చిపోయింది. వాడి ఎడమ కాలు దూలం కింద పడింది. నార్యిన్ ఆసుపత్రిలో మోకాలి పై దాకా తీసేశారు. బడి పిల్లలు అప్పటికి పావుగంట ముందే దాటారు. ఆ పావుగంట గురించి ఆలోచిస్తే కూర్చున్నవాడిని లేచి నిలబడుతున్నాను.

ఇక అసలు మాట. నీకు అబద్ధం రాశాను.

తాత పోయిన రోజు పొద్దున డేరాకి చాపలు చాలలేదు. దిమ్మెల మీద నుంచి ఒకడు తన చాప తీశాడు. ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నాయి కదా అనుకున్నాడు. తర్వాతవాడూ అలాగే అనుకున్నాడు. చచ్చిపోయిన మనిషికి డేరా కావాలంటే ఎవడు కాదంటాడు? ఎవడి చాప వాడే తీసుకెళ్లాడు. సాయంత్రానికి దిమ్మెలు ఒట్టిగా ఉన్నాయి. నేనూ చూశాను, అబద్ధమెందుకు. ఎవడో ఒకడు గడ్డి కప్పే ఉంటాడులే అనుకున్నాను. నేనూ ఏడుస్తున్నాను అప్పుడు.

తొమ్మిదో రోజు దిమ్మెల చుట్టూ బిగించిన చెక్కలు ఊడదీసినప్పుడు అవతలి దిమ్మె మీద గోరు పెట్టి గీశాను. సగం గోరు దిగింది. పక్కన ఎవరూ లేరు. సిమెంటు అయిపోయింది, ఏడాదిదాకా రాదు. చెబితే ఒమురాలి కొడుకుల ముఖాన "మీ నాన్న చావు మన వంతెనని తినేసింది" అన్నట్టే. నలభై ఇళ్ల కష్టం బూడిదయిందన్నట్టే. బస్తా అడుగున మిగిలిన సిమెంటు కలిపి పైన పూత వేశాను. నునుపుగా వచ్చింది. సుత్తితో పూత మీద కొట్టాను, ఖంగుమంది. నీకు రాసింది ఆ ఖంగుమన్న సంగతే.

ఇషెన్‌ని రెండుసార్లు చూసొచ్చాను. కాలు గురించి ఒక్క మాట అనడు. "ఎక్కడ తప్పు చేశానంటావు తొలో? ఇసుక ఎక్కువేశానా?" అని అడుగుతున్నాడు. అదే అడుగుతున్నాడు, పదే పదే. నేను గోడ వైపు చూస్తున్నాను.

నువ్వు తిట్టు. తిడుతూ ఉత్తరం రాయి.

తొలోగోన్


బిష్కెక్,
మే 15

అన్నయ్యా,

తిట్టలేను. నా సంగతి విను.

నవంబరులో నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. "ఒక్క ఇంట్లో ఉన్నిచాప మిగల్లేదు" అన్న వాక్యం కింద పెన్సిల్ గీత ఉంది. నేను గీసిందే. చదివిన రోజే గీశాను. ఒక్క వాక్యం దాటగానే "ఆ వారం చలి" అని ఉంది. రెండూ అంత దగ్గరగా పెట్టి రాశావు, చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. నేను దానికోసమే ఆరు నెలలు చదివాను.

అప్పటికి నా పరీక్ష కాగితాలు అరవై పేజీలు టైపు అయిపోయాయి. "విజయవంతం" అని ఆఖరి పేజీలో ఉంది. నిన్ను మళ్లీ అడిగితే నువ్వు ఏం చెబుతావో అని భయపడ్డాను. ఖంగుమంటోందని అన్నయ్యే రాశాడుగా అనుకుని ఉత్తరం మడిచి పెట్టేశాను. తలుచుకుంటే కల్మత్ బస్సెక్కి ఒక్క రోజులో వచ్చేదాన్ని. సుత్తి నేనే పట్టుకునేదాన్ని. పోసినవాడు కాకుండా వేరొకరు చూడాలని నీకు పాఠం చెప్పిందాన్ని నేనే, ఆ వేరొకరు కూడా నేనే అయ్యుండాల్సింది.

ఇంకొకటి. పదకొండు కీడులు రాశాను కదా, వాటిలో చావు లేదు. లారీ చెడిపోవడం రాశాను, వాన రాశాను. మన ఊళ్లో మనిషి పోతే మూడు రోజులు ప్రతి చెయ్యీ, ప్రతి చాపా ఆ ఇంటికే పోతుందని తెలిసిన పిల్లని, మరి ఎందుకు రాయలేదు? పాఠం పుస్తకంలో లేదు కనుక. పద్ధతి మంచిదే అన్నయ్యా. దాన్ని నేను మన ఊరి మీద పరచలేదు, మన ఊరిని దానికి సరిపోయేలా కత్తిరించాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాం ఇద్దరమూ. కాలింది మాత్రం మన చేతులు కాదు.

శిక్షణవాళ్లకి ధ్రువపత్రం వెనక్కిచ్చి, ఆ పరీక్ష కాగితాల మీద నిజం రాసిచ్చాను. ఏమంటారో తెలియదు. ఇషెన్‌కి నువ్వు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను, కానీ నా నోటి వెంట వింటే అతనికి నువ్వు కూడా మిగలవు.

సల్కిన్


ఉజున్-జార్,
జూన్ 9

సల్కిన్ తల్లీ,

చెప్పాను.

మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, టోపీ తీసి, మొదట్నుంచి చెప్పాను. చాపలు, గోరు, పూత. వాడు దిండు మీద కొంచెం పైకి జరిగాడు. తర్వాత, "ఎంత దిగింది గోరు?" అన్నాడు.

"సగం."

"నన్ను పిలవాల్సిందిరా తొలో. పగలగొట్టి మళ్లీ పోసేవాళ్లం. ఇసుక నేనే మోసేవాడిని." అంతే. తర్వాత గోడ వైపు తిరిగాడు. నేను తెచ్చిన గుర్రపు పాల కుమిస్ సీసా అలాగే ఉంది. వచ్చేటప్పుడు వెనక నుంచి, "ఇసుక సరిగ్గానే వేశానన్నమాట" అన్నాడు. ఆ గొంతులో కొంచెం తేలిక వినిపించింది. ఆ తేలికని నెలకు పైగా నా జేబులో దాచిపెట్టుకుని తిరిగానే అని బస్సులో ఏడ్చాను. కల్మత్ అద్దంలోంచి చూసి రేడియో ఆపేశాడు.

ఊళ్లో కూడా చెప్పాను. పెద్దల ముందు నిలబడి. ఉమ్మేస్తారనుకున్నాను. ఒక్కొక్కడే లేచి, "నా చాప నేనే తీశాను", "నాదీ నేనే" అన్నారు. అక్కడున్న అందరూ అన్నారు. తిలా పాపం తలా పిడికెడు. కానీ పూత పిడికెడు మాత్రం నా ఒక్కడిదే, దాన్ని ఎవరికీ పంచలేదు.

ఆఖరికి ఒమురాలి తాత పెద్దకొడుకు లేచాడు. "ఆ రెండో కాగితం ఉందా?" అన్నాడు. టోపీలోంచి తీశాను, చెమటకి పసుపు పట్టింది. నీ పదకొండు వరుసల కింద పన్నెండోది తానే రాశాడు: "ఊళ్లో ఎవరైనా పోతే." ఎవరూ గడ్డం నిమరలేదు, ఎవరూ ఆపలేదు.

శరత్కాలంలో మళ్లీ పోస్తాం, సిమెంటు ఇస్తామన్నారు. నువ్వు రావాలి. పాఠం చెప్పడానికి కాదు, సుత్తి పట్టుకోవడానికి. ఇషెన్ వస్తానంటే వస్తాడు. రానంటే నేను అడగను.

ఇంకొక సంగతి రాసి ముగిస్తాను. నిన్న కిటికీకి అద్దం తెచ్చాను. నీ వదిన గోరువెచ్చని నీళ్లతో తడిపి నీ మొదటి కాగితాన్ని చిరగకుండా ఊడదీసింది. ఏడు నెలలు ఆ కాగితం ముందే కూర్చుని టీ తాగానమ్మా. దాంట్లోంచే వెలుతురు వచ్చేది. ఇరవయ్యేడు వరుసలూ నాకు నోటికి వచ్చు. పద్నాలుగో వరుస చివర ఖాళీ గడిలో టీ మరక ఒకటి ఉంది.

కాగితం ఆరాక పెన్ను తీసుకుని ఆ గడిలో నా పేరు రాశాను. ఏడు రోజులు చూసుకోవడానికి అక్కడిప్పుడు దిమ్మె లేదు, చాప లేదు. నాకు తెలుసు. అయినా రాశాను.

నీ అన్న,
తొలోగోన్